చచ్చినవాడు నూడుల్స్ తిన్న రీలు

ఒనొమిచి,
2014 ఏప్రిల్ 9

ఫుమియె గారికి,

ఉత్తరం మొదట ఋతువు గురించి రెండు ముక్కలు రాయాలి కదా. సకురా పూలు రాలాయి. వాటి మీద జారి మా పక్కింటాయన కొండమెట్ల మీద నడుం విరగ్గొట్టుకున్నాడు. ఈ ఏటి వసంతం మాకు ఇదీ.

నలభై ఎనిమిదేళ్ళుగా మనిద్దరి మధ్య కొత్త సంవత్సరం కార్డులు తప్ప మరో కాగితం నడవలేదు. కాబట్టి ఈ కవరు చూసి రోకుసుకె పోయాడేమో, కబురు పంపారేమో అనుకుని ఉంటారు. పోలేదు. ప్రాణం పోలేదు గానీ నిద్ర పోయింది.

మీ అన్నయ్య షూజో గారు మా ఊళ్ళో సినిమా తీసినప్పుడు మీరు షాట్ల వరస, నిడివి రాసుకునే కంటిన్యుటీ పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగే ఇరవై రెండేళ్ళ పిల్ల. నేను మా హాల్లో ఆపరేటర్ని. టోక్యోలో కడిగించి తెప్పించిన ఫిల్ము ముక్కలు పొద్దున్నే మీ అందరికీ తెర మీద వేసి చూపించేవాణ్ణి. మీరు స్టాప్‌వాచీ నొక్కుతూ, "నిషిగోరి గారూ, ఈ షాట్‌లో చొక్కా మూడో గుండీ ఊడింది, మళ్ళీ వెయ్యండి" అనేవారు. ఆ గుండీ ఇప్పటికీ నా కలలోకి వస్తుంది.

సంగతికొస్తాను. నిరుడు మా మెట్ల కింద నుంచి మీ అన్నయ్య సినిమా "ఉప్పు గోదాములో మనిషి" డబ్బాలు తీసి టోక్యోలో పాత సినిమాలు బాగుచేసేవాళ్ళకి ఇచ్చానని కార్డులో రాశాను కదా. దేశం మొత్తం మీద ఆ ప్రింటు ఒక్కటే మిగిలిందట. ఆ కబురు బయటికి పొక్కింది. పోయిన వారం నగోయా నుంచి ఉసుయి అని ఒక పళ్ళ డాక్టరు దిగాడు. ఈ సినిమా పోస్టర్లు లోకంలో మూడే ఉన్నాయట, రెండు ఆయన దగ్గర. మూడోది మా ఆవిడ బీరువా అరలో పరిచి దాని మీద మేజోళ్ళు పెట్టింది. ఆ అర లాగి చూపించానో లేదో, ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మా ఆవిడ కంగారుగా "మంచినీళ్ళు తేనా?" అంది. "ముందు ఆ మేజోళ్ళు తియ్యండమ్మా" అన్నాడు.

తర్వాత రెండు గంటలు సినిమా గురించి చెప్పాడు. హంతకుడు గోదాములో ఉప్పు బస్తాల మీద చచ్చిపోతాడు. మరుక్షణం వాడే రేవు దుకాణంలో కూర్చుని నూడుల్స్ తింటుంటాడు. ఎందుకో ఎలాగో ఎవరూ చెప్పరు. "మిగతా దొంగా పోలీసు సినిమాలు వందున్నాయి, నిషిగోరి గారూ. చచ్చినవాడు 'ఉప్పు కాస్త ఎక్కువైంది' అంటే ఒళ్ళు జలదరించే సినిమా ఇదొక్కటే. అంత ధైర్యం ఎవడికుంది ఆ రోజుల్లో?" అన్నాడు. నేను ఆయనకి ఇంకో కప్పు టీ పోసి మాట మార్చాను.

ఒక్కటే అడగాలి. మీ కంటిన్యుటీ పుస్తకం ఇంకా ఉందా? టోక్యోలో ఆ సినిమా బాగుచేస్తున్న హొషినా అనే అమ్మాయి అడుగుతుంది. తొందరపడి ఇవ్వకండి. ఎందుకని నన్ను అడక్కండి.

నిషిగోరి రోకుసుకె


మత్సుమొతొ,
ఏప్రిల్ 21

రోకు గారికి,

కొండల మీద మంచు ఇంకా ఉంది. పొద్దున ఆరు డిగ్రీలు.

హొషినా గారు సినిమాని డిస్కులో వేసి పంపారు. మూడుసార్లు చూశాను. నాది పాత రోగం కదా, స్టాప్‌వాచీ పెట్టాను. ఎనభై ఒక్క నిమిషాల నలభై సెకన్లు. గుర్తున్నదాని కన్నా కొన్ని సెకన్లు తక్కువ. ముసలి ప్రింటు, ఎక్కడో అరిగి ఉంటుంది.

పుస్తకం లేదు. ఇల్లు మారినప్పుడు పోయింది.

నవంబరు మూడున మీ ఊళ్ళోనే తొలి ఆట వేస్తారట. నన్ను వేదిక మీద మాట్లాడమన్నారు. 1991లో అన్నయ్యని దహనానికి తీసుకెళ్ళినప్పుడు మేం నలుగురం. ఏ పేపర్లోనూ ఒక్క లైను రాలేదు. "ఒకే ఒక్క సినిమా తీశాడు, అదీ అర్థం కాలేదు" అని మా మేనమామ భోజనాల దగ్గర నవ్వాడు. ఇప్పుడు పాతికేళ్ళ పిల్లలు నాకు ఫోన్ చేసి, చనిపోయినవాణ్ణి తిరిగి తీసుకురావాలని ఆయనకి ఎలా తోచింది అని అడుగుతున్నారు. నాకు డెబ్భై ఏళ్ళు. ఈ ప్రశ్న వినడానికే ఇన్నాళ్ళు బతికానేమో.

ఎలా తోచిందో నాకు మాత్రం ఏం తెలుసు? సినిమా ఆడుతుంటే చూసొస్తానని 1966 జూన్‌లో ఒక్కడే మీ ఊరు వెళ్ళాడు. సోమవారం మధ్యాహ్నం రెండుంబావు బండికి తిరిగొచ్చాడు. చేతి వేళ్ళ కొసలు తెల్లబారి చర్మం లేచిపోతోంది. దగ్గరికి వస్తే గోళ్ళరంగు వాసన. నాన్న చూసి "ఏరా, అక్కడ పడవలకి రంగులేశావా?" అన్నారు. అన్నయ్య నవ్వి రెండు గిన్నెల అన్నం తిన్నాడు. ఆ వేసవిలోనే నాన్న కాగితాల దుకాణంలో కూర్చున్నాడు. మళ్ళీ కెమెరా ముట్టుకోలేదు. ఎందుకని అడిగితే "పెన్సిళ్ళు అమ్మడం ఏం తక్కువ?" అనేవాడు.

మీరు పుస్తకం సంగతి ఎందుకు అడిగారు?

ఇమాజు ఫుమియె


ఒనొమిచి,
మే 14

ఫుమియె గారికి,

మీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. రోజూ జవాబు మొదలుపెట్టి, మొదలుపెట్టింది పొయ్యిలో వేస్తున్నాను. మా ఆవిడ "ఎవరితోనైనా వ్యవహారం నడుపుతున్నావా ఈ వయసులో?" అని అడిగింది. అదైనా నయం.

మా హాల్లోనూ, ఎదురుగా ముకాయిషిమా దీవిలో ఓడల కార్మికుల హాల్లోనూ ఒకే ప్రింటు ఆడేది. గుర్తుందా? మేం ఒక రీలు ఆడించగానే రీళ్ళు మోసే కుర్రాడు జింపాచి దాన్ని సైకిలుకి కట్టుకుని లాంచీ ఎక్కి దీవికి పట్టుకెళ్ళేవాడు. వాళ్ళు ఆడించింది మళ్ళీ మాకు తెచ్చేవాడు. దాటడానికి అయిదు నిమిషాలు. దానికి తోడు జింపాచికి ఒక గుణం ఉండేది, లాంచీలో చేపలమ్మే ఆవిడతో మాటల్లో పడితే దిగడం మరిచి రెండుసార్లు అటూ ఇటూ తిరిగేవాడు. ఆ కథ వేరే, ఆవిణ్ణే పెళ్ళాడాడు.

1966 జూన్ 8, బుధవారం. మా మొదటి ఆట అయింది. నాలుగు రీళ్ళు దీవికి వెళ్ళాయి. మూడు తిరిగొచ్చాయి. అంతలో పొగమంచు దిగింది. చెయ్యి చాస్తే వేళ్ళు కనపడనంత. లాంచీ ఆగిపోయింది. నాలుగో రీలు దీవిలో, జింపాచి కూడా దీవిలో. దీవికి వెళ్ళాల్సిన అయిదూ ఆరూ నా కాళ్ళ దగ్గర. మాట్నీ నడుస్తోంది, మూడో రీలు అయిపోవస్తోంది. కింద నూట యాభైమంది. మా యజమాని పైకొచ్చి "తెర ఖాళీ పెడితే కుర్చీలు విరగ్గొడతారు, ఏదో ఒకటి వెయ్యి" అన్నాడు.

అయిదో రీలు వేశాను.

హంతకుడు చచ్చాడు. రీలు చివరికొస్తుండగా రేవులో లాంచీ కూత వినపడింది. మంచు విడింది. జింపాచి రొప్పుతూ మెట్లెక్కాడు. నాలుగో రీలు వేశాను. చచ్చినవాడు నూడుల్స్ తిన్నాడు. "ఉప్పు కాస్త ఎక్కువైంది" అన్నాడు. పొద్దున ఆ మాటకి హాలంతా నవ్వింది. మీ అన్నయ్య దాన్ని నవ్వించడానికే పదకొండుసార్లు తీశారు, మీకు తెలుసు. మాట్నీలో ఒక్కడూ నవ్వలేదు. దగ్గు కూడా వినపడలేదు. ఆట అయ్యాక లేవడానికి జనం మొహమాటపడ్డారు.

అదీ ఉసుయి గారు చెప్పిన ధైర్యం. అది మీ అన్నయ్యది కాదు, పొగమంచుది.

నా పాపం ఇక్కడితో ఆగితే బాగుండేది. దీవి వాళ్ళు అయిదో రీలు కోసం గంటసేపు కూర్చుని, పాటలు పాడుకుని, కోపంతో ఆ సినిమానే ఎత్తేశారు. ప్రింటు పూర్తిగా నాకే మిగిలింది. ఆ నిశ్శబ్దం మళ్ళీ వినాలనిపించింది. సెల్లో టేపుతో రీళ్ళు అదే వరసలో అంటించి శనివారం దాకా అలాగే ఆడించాను. ఆదివారం విప్పి సరిచేద్దామనుకున్నాను. చెయ్యలేదు. సోమవారం పంపిణీ కంపెనీ మూతపడిందన్నారు. డబ్బాలు మెట్ల కిందికి పోయాయి.

మీ పుస్తకంలో అసలు వరస ఉంటుంది. అందుకే అడిగాను. అది పోయిందన్నారు. విని ఊపిరి పీల్చుకున్నాను, పీల్చుకున్నందుకు సిగ్గుపడ్డాను. ఇక మీకు తెలియకుండా ఉండడం నా వల్ల కాలేదు.

రోకుసుకె


మత్సుమొతొ,
మే 30

నిషిగోరి గారికి,

ఈ ఉత్తరంలో ఋతువు లేదు.

పుస్తకం పోలేదు. నా బల్ల సొరుగులో ఉంది. డిస్కు చూసిన మొదటి రోజే వరస మారిందని నాకు తెలిసింది. ఆ వరస రాసింది నేనే, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? అన్నయ్యే చివర్లో మార్చి ఉంటాడనుకున్నాను. నాకు కూడా చెప్పకుండా, ఒంటరిగా, అందరికన్నా ముందు ఆలోచించి. పుస్తకం బయటపెడితే టోక్యో వాళ్ళు దాన్ని చూసి పాత వరసకి తిప్పేస్తారు, ఆయన చేసిన మంచి పని చెరిగిపోతుంది. అందుకని అబద్ధమాడాను. జీవితంలో ఒక్క గుండీ గురించి కూడా అబద్ధం రాయనిదాన్ని.

ఇప్పుడు మీరు పొగమంచు అంటున్నారు.

నవంబరులో వేదిక ఎక్కి ఏం చెప్పమంటారు? మా అన్నయ్య మామూలు దొంగా పోలీసు సినిమా తీశాడు, ఒనొమిచి ఆపరేటరు దాన్ని గొప్ప సినిమా చేశాడు అనా? అలా అంటే ఉసుయి గారి పోస్టర్ల మీద ఇక మీ పేరే ఉండాలి. అనకపోతే నేను దొంగని.

జూలై నెలాఖరుకి హొషినా గారు వరస ఖాయం చేస్తారు. ఆ తర్వాత మార్చరు. జూలై ఒకటిన పుస్తకం పోస్టు చేస్తాను. ఉన్నది ఉన్నట్టు ఆడనివ్వండి. నవ్వాల్సినచోట నవ్వుతారు, మరిచిపోవాల్సిన సినిమా అయితే మరిచిపోతారు.

ఒక్కదానికి జవాబు కావాలి. అన్నయ్య ఆ వారం మీ ఊళ్ళో ఉన్నాడు. చూశాడా?

ఇమాజు ఫుమియె


ఒనొమిచి,
జూన్ 8

ఫుమియె గారికి,

చూశారు.

గురువారం వచ్చారు. గురు, శుక్ర, శని, మూడు రోజులూ మాట్నీ, మూడో వరసలో ఎడమ చివరి కుర్చీ. నేను మెషీన్ కంతలోంచి ఆయన తల వెనక భాగం చూస్తూ చెమటలు కక్కాను. మొదటి రోజు వరస మారిన చోట ఆ తల కదిలింది. తర్వాత కదల్లేదు. ఆట అయ్యాక పైకొచ్చి తంతారేమో అనుకుని వెనక మెట్ల మీంచి పారిపోయి, వంతెన కింద చేపల బుట్టల మధ్య కూర్చున్నాను. ఇరవై ఆరేళ్ళ మగాణ్ణి.

ఆదివారం పొద్దున హాలు తలుపు దగ్గర పట్టుకున్నారు. "రోకూ, క్యాబిన్ తాళం ఇస్తావా? రీళ్ళు ఒకసారి చూసుకుంటాను" అన్నారు. తిట్టలేదు. అదే భయంకరం. నేను చెడగొట్టింది తనే దిద్దుకుంటారన్నమాట అనుకుని తాళం ఇచ్చాను. మధ్యాహ్నం తాళం తిరిగిచ్చి "నీకిక పని తక్కువ" అన్నారు. ఎత్తిపొడుపే అనుకున్నాను. మొహం కేసి చూడలేదు. అదే ఆయన్ని ఆఖరుసారి చూడడం, అది కూడా బూట్ల వరకే.

నిరుడు డిస్కు నాకూ వచ్చింది. చూస్తే వరస నా వరసే. అంటే ఆయన దిద్దలేదు. డబ్బాలు తెరిచి, నా టేపు ముక్కలు చూసి, ఇంతేనా నా సినిమా అనుకుని, మూత పెట్టి వెళ్ళిపోయారు. ఊరెళ్ళి పెన్సిళ్ళ దుకాణంలో కూర్చున్నారు. మీరు నలభై ఎనిమిదేళ్ళుగా ఎందుకని అడుగుతున్నదానికి జవాబు నేనేనని నాకు అప్పుడు తెలిసింది. అప్పట్నుంచే నిద్ర లేదు.

పుస్తకం పంపండి. మీరు చెప్పిందే న్యాయం. నవంబరులో మాత్రం నేను రాను. ఆ మూడో వరస కేసి చూసే మొహం నాకు లేదు.

రోకుసుకె


ఒనొమిచి, ఎక్స్‌ప్రెస్ పోస్టు
జూన్ 27

ఫుమియె గారూ,

పుస్తకం పంపకండి! పంపేస్తే పోస్టాఫీసుకి పరిగెత్తండి. ముందు ఇది చదవండి.

హొషినా అమ్మాయికి నిన్న ఫోన్ చేశాను. నా నేరం నేనే ఒప్పుకుందామని. వరస మార్చింది నేనే, ఆ టేపు అతుకులు నావే, ఎండిపోయి విడిపోతుంటే కాస్త జాగ్రత్తగా చూడమ్మా అన్నాను.

"టేపా? ఏ టేపు?" అంది.

"రీలుకీ రీలుకీ మధ్య."

"అక్కడ టేపు లేదు తాతయ్యా. జిగురుతో అతికారు. చాలా శుభ్రంగా. ఇప్పటికీ ఊడదు."

నా చేతిలో ఫోన్ జారింది. మా ఆవిడ తీసి "బతికే ఉన్నాడమ్మా, ఒక్క నిమిషం" అంది.

మీకు తెలుసు గదా, మావాళ్ళకి అతుకు అంటే చేతిరాత. జింపాచి అతుకు వంకర, దీవి ఆపరేటరుది మందం, నాది ఎప్పుడూ టేపే. మా యజమాని నిప్పంటే భయస్తుడు, సీసాలో వచ్చే ఫిల్ము జిగురు మంట పట్టుకుంటుందని హాల్లోకి అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. ఒక్క బొట్టు కూడా నా క్యాబిన్‌లో లేదు. ఫిల్ము పై పొరని బ్లేడుతో గీకి, కుంచెతో రాసి, ఊపిరి బిగబట్టి నొక్కే పని ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళది. ఆ జిగురు వేళ్ళ కొసలని తెల్లబరుస్తుంది. చర్మం లేచిపోతుంది. దాని వాసన ఎలా ఉంటుందో తెలుసా? గోళ్ళరంగులా.

మీ ఏప్రిల్ ఉత్తరం తీసి చూశాను. అయిదో పేరా. మీ అన్నయ్య వేళ్ళ గురించి రాశారు.

ఇంకోటి. అయిదో రీలు చివర కొంత ఫిల్ము కోసేసి ఉందట. చచ్చినవాడి చెయ్యి ఉప్పు మీద ఉండగానే కోత పడుతుంది, మరుక్షణం అదే చెయ్యి చాప్‌స్టిక్స్ పట్టుకుని ఉంటుంది. నేను ఆడించినప్పుడు అలా లేదు. చెయ్యి తర్వాత మొహం ఉండేది, నాకు గుర్తు. కానీ నా గుర్తుకి సాక్ష్యం ఏముంది? డెబ్భై నాలుగేళ్ళ ముసలాడి మాట. ఎంత కోశారో, అక్కడ ముందు ఏముండేదో చెప్పగలిగింది ఒక్కటే ఉంది, మీ సొరుగులో.

చూసి చెప్పండి. నేను తిండి మానేసి కూర్చున్నాను. అంటే రెండో గిన్నె మానేశాను.

రోకుసుకె


మత్సుమొతొ,
జూలై 6

రోకు అన్నకి,

వాన. కొండలు కనపడడం లేదు. ఇరవై రెండు డిగ్రీలు.

మీ ఎక్స్‌ప్రెస్ 28వ తేదీ పొద్దున పదీ నలభైకి అందింది. పుస్తకం అప్పటికి కవర్లో ఉంది, స్టాంపులు కూడా అంటించాను. చింపి తీశాను.

అయిదో రీలు, ఆఖరి షాట్. నా రాతే, పెన్సిలుతో: "చెయ్యి, ఉప్పు మీద. కెమెరా మెల్లిగా మొహం మీదికి. మొత్తం తొమ్మిది సెకన్లు." డిస్కు పెట్టి స్టాప్‌వాచీ నొక్కాను. నాలుగు సెకన్లు. మళ్ళీ నొక్కాను. నాలుగే. మొహం లేదు. అయిదు సెకన్లు ఎవరో తీసేశారు. ఆ మొహం కోసం అన్నయ్య ఒక పూటంతా దీపాలు సర్దించాడు. దాన్ని ఇంకొకరు కోస్తే ఆయన చంపేసేవాడు. కోసే హక్కున్నవాడు ఒక్కడే.

దాచాలనుకున్న పుస్తకమే సాక్ష్యం చెప్పింది. దాచి ఉంటే మీ మాటా నా మాటా రెండూ గాల్లో పోయేవి.

ఆదివారం పొద్దున ఆయన జిగురు సీసా కొనుక్కుని మీ క్యాబిన్‌లోకి వెళ్ళాడు. మీ టేపు ఊడదీశాడు. దిద్దడానికి కాదు, ఇక ఎవరూ దిద్దకుండా ఉండడానికి. "నీకిక పని తక్కువ" అన్నది ఎత్తిపొడుపు కాదన్నా. మళ్ళీ అంటించే పని లేదని చెప్పాడు. మీరు బూట్ల కేసి కాక మొహం కేసి చూసి ఉంటే ఈ ఏడాది నిద్ర దక్కేది.

మరి మళ్ళీ ఎందుకు తీయలేదు? అది మీ వల్ల కాదని చెప్పాలని ఉంది. చెప్పలేను. తన చేతికి తోచనిది పొగమంచుకి తోచిందని సిగ్గుపడ్డాడో, ఇంతకన్నా బాగా ఇక రాదని సంతోషపడ్డాడో. ఆ రోజు రెండు గిన్నెల అన్నం తిన్నాడు, నాకు తెలిసిందల్లా అంతే. దాన్నే పట్టుకుని ఉంటాను.

పుస్తకం నిన్న హొషినా గారికి పంపాను. ఫోన్లో అంతా చెబితే వరస ఇప్పుడున్నట్టే ఉంచుతామన్నారు. ఉసుయి గారికి ఆమె ఫోన్లో చెబితే "ఆ రోజు మంచు ఎన్నింటికి విడింది?" అని అడిగాడట. ఇక ఆయన పొగమంచుని కూడా సేకరిస్తాడు.

పంపే ముందు ఒక పని చేశాను. మా పుస్తకంలో ప్రతి పేజీ చివర ఒక గడి ఉంటుంది, షూటింగ్ తర్వాత ఏదైనా మారితే ఏం మారిందో ఎవరు మార్చారో రాసి వాళ్ళ చేత సంతకం చేయించాలి. అయిదో రీలు పేజీలో ఆ గడి నలభై ఎనిమిదేళ్ళుగా ఖాళీగా ఉంది. నింపాను:

"నాలుగుకి ముందు అయిదు. మార్చినది: పొగమంచు, నిషిగోరి రోకుసుకె. ఖాయం చేసినది: దర్శకుడు."

అన్నయ్య తరఫున నేను సంతకం పెట్టాను. పుస్తకం నవంబరు మూడున వేదిక మీద ఉంటుంది. సంతకం లేని గడి ఉన్న పేజీని నేను ఎప్పుడూ మూసి ఎరగను. మూడో వరసలో ఎడమ చివర కుర్చీ, దాని పక్కదీ అట్టేపెట్టమని చెప్పాను.

పొగమంచు ఎలాగూ రాదు. మీరే వచ్చి సంతకం పెట్టాలి.

ఫుమియె